విమానంతో అయస్కాంత సర్వే చేయిస్తే భూవిజ్ఞాన పటం దానంతటదే వచ్చేస్తుందా?

మీరు అడిగినది నాకు అర్థమైనంత వరకు ఇది. సుమారు 100 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ప్రాంతం. రోడ్లు లేవు, దట్టమైన అడవి, మందంగా పరుచుకున్న మట్టి. రాయి కనబడేది వాగుల్లోనో, ఒకటి రెండు గుట్టల మీదో. దానికి భూవిజ్ఞాన పటం కావాలి. విమానంతో అయస్కాంత సర్వే చేయించాలని పైవాళ్లు నిర్ణయించారు. ఒక కాంట్రాక్టర్ విమానం ఎగిరే లైన్ల మధ్య 400 మీటర్ల దూరంతో, ఇంకొకరు 1000 మీటర్లతో ప్రతిపాదన ఇచ్చారు. రెండోది సగం కంటే తక్కువ ధరకే వస్తోంది. ఏది తీసుకోవాలి, ఇది అయ్యాక ఫీల్డ్‌వర్క్ అక్కర్లేదా, డ్రోన్లతో కానిచ్చేయకూడదా అన్నవి మీ ప్రశ్నలు.

పొట్టిగా చెప్పాలంటే 400 తీసుకోండి. ఫీల్డ్‌వర్క్ తప్పదు, కాకపోతే ఎక్కడికి వెళ్లాలో తెలిసి వెళతారు. డ్రోన్ల సంగతి చివర్లో చెబుతాను. మిగతాదంతా కారణాలు.

ముందు ఈ సర్వే కొలిచేది ఏమిటో తేల్చుకోవాలి. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. భూమి అయస్కాంత క్షేత్రం చోటును బట్టి సుమారు 25,000 నుంచి 65,000 నానోటెస్లాల (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే చిన్న ప్రమాణం) దాకా ఉంటుంది. దాదాపు అంతా భూమి లోపల బాహ్య కేంద్రకంలో కదిలే ద్రవ ఇనుము పుట్టించేదే. మనకు కావాల్సింది పైపొరలోని రాళ్లు దానికి కలిపే చిన్న తేడా. మామూలు గ్రానైట్ల మీద ఆ తేడా పదుల్లో ఉండొచ్చు, డోలరైట్ డైకుల (పగుళ్లలోకి మాగ్మా చొచ్చి గోడలా గట్టిపడిన నల్లరాయి) మీద వందల్లో, బ్యాండెడ్ ఐరన్ ఫార్మేషన్ (ఇనుప ఖనిజపు పొరలున్న రాయి) మీద వేలల్లో. ఆ తేడాకు ప్రధాన కారణం ఒకే ఒక్క ఖనిజం, మాగ్నెటైట్ అనే ఇనుప ఆక్సైడ్. పిర్రోటైట్ అనే ఇనుప సల్ఫైడ్‌లో ఒక రకం కూడా కొంత పనిచేస్తుంది. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, సున్నపురాయి, ఇసుకరాయి లాంటివి ఈ పరికరానికి ఉన్నా లేనట్టే. మట్టి, నీరు, మంచు, చెట్లు అసలు అడ్డే కావు. మారుమూల ప్రాంతాలకు ఈ పద్ధతి ఇంతగా అచ్చిరావడానికి కారణం అదే. అంటార్కిటికాలో నూటికి ఒక వంతు కూడా రాయి బయట కనబడదు. అయినా 2008-09 వేసవిలో అక్కడి మంచు కింద పూర్తిగా పూడిపోయిన గాంబుర్ట్‌సెవ్ పర్వతాల మీద రాడార్‌తో, గురుత్వ పరికరంతో పాటు అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటర్‌నూ విమానాల్లో తిప్పి, ఆ కొండల కింది నిర్మాణాన్ని చదవగలిగారు.

అయితే ఈ సర్వే గీసేది మాగ్నెటైట్ పటాన్ని. భూవిజ్ఞాన పటం వేరే. రెండూ చాలాచోట్ల కలుస్తాయి, కొన్నిచోట్ల అస్సలు కలవవు. గ్రానైట్‌నే తీసుకోండి. జపాన్ శాస్త్రవేత్త ఇషిహారా 1977లో గ్రానైట్లను మాగ్నెటైట్ శ్రేణి, ఇల్మెనైట్ శ్రేణి అని విడదీశారు. సుత్తితో కొట్టి చేతిలోకి తీసుకుంటే రెండూ ఒకేలా అనిపించొచ్చు, పటంలో రెండింటికీ ఒకే రంగు వేసి ఉండొచ్చు. విమాన సర్వే పటంలో చూస్తే ఒకటి ప్రకాశంగా (అంటే సిగ్నల్ బలంగా), గరుకు గరుకుగా కనబడుతుంది, రెండోది చదునుగా, దాదాపు ఖాళీగా. మాగ్మాలో ఆక్సిజన్ స్థితి వేరుగా ఉండటం వల్ల ఇనుము వేరే ఖనిజంగా మారింది, అంతే. ఇందుకు పూర్తి విరుద్ధమైనదీ ఉంది. ఒక షేల్ (బంకమట్టి గట్టిపడిన రాయి), ఒక ఇసుకరాయి, ఒక సున్నపురాయి పక్కపక్కనే ఉంటే భూవిజ్ఞాన పటంలో మూడు రంగులు, అయస్కాంత పటంలో ఒకటే బూడిద రంగు.

పైగా రాయి పుట్టిన తర్వాత కూడా మాగ్నెటైట్ పుడుతుంది, చస్తుంది. పెరిడోటైట్ అనే రాయి సర్పెంటినైట్ అనే మరో రాయిగా మారేటప్పుడు కొత్తగా మాగ్నెటైట్ ఏర్పడుతుంది, అందుకే ఒకే రాతి శరీరంలో మారిన భాగం మెరుస్తుంది, మారని భాగం మసకగా ఉంటుంది. షియర్ జోన్ల (రాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని జారి నలిగిన పట్టీలు) వెంట వేడి ద్రవాలు పారితే ఉన్న మాగ్నెటైట్ హెమటైట్‌గానో పైరైట్‌గానో మారిపోయి సన్నటి చీకటి గీతలు మిగులుతాయి. బంగారం వెతికేవాళ్లు ఎక్కువగా చూసేది ఈ చీకటి గీతల్నే. ఉష్ణమండలంలో మీ ప్రాంతం లాంటి చోట పైన పదుల మీటర్ల మేర రాయి కుళ్లిపోయి ఉంటే అక్కడి మాగ్నెటైట్ చాలావరకు పోయి ఉంటుంది. సిగ్నల్ కింద తాజా రాయి మొదలయ్యే చోటు నుంచి వస్తుంది. ఉపరితలంలోనే దొరికే ఇంకో మాయగాడు మాగ్‌హెమైట్ అనే అయస్కాంత గుణమున్న ఇనుప ఖనిజం. ఆస్ట్రేలియాలో పాత కాలపు వాగులు పూడిపోయి, వాటి అడుగున మాగ్‌హెమైట్ గులకరాళ్లు పేరుకున్న చోట్లు చాలా ఉన్నాయి. అయస్కాంత పటంలో అవి కొమ్మలు కొమ్మలుగా, వంకరలు తిరుగుతూ స్పష్టంగా కనబడతాయి. భూగర్భ నిర్మాణం అలా ఉండదని తెలిసినవాళ్లు వెంటనే పక్కన పెట్టేస్తారు. తెలియనివాళ్లు డైకు అని గీసేస్తారు.

ఇక లైన్ల మధ్య దూరానికి వద్దాం. అన్నిటికంటే ఎక్కువ డబ్బు దీని మీదే ఆధారపడి ఉంటుంది, తర్వాత దిద్దుకోలేనిదీ ఇదే. విమానం సెకనుకు సుమారు 70 మీటర్లు వెళుతుంది. సీసియం మాగ్నెటోమీటర్ సెకనుకు 10 రీడింగులు తీసుకుంటుంది. అంటే లైను వెంట 7 మీటర్లకో రీడింగు, లైనుకు అడ్డంగా చూస్తే 400 మీటర్లకో, 1000 మీటర్లకో ఒకటి. ఇంత అసమానమైన డేటాతో చదరపు గడుల పటం (గ్రిడ్) వేస్తున్నామని ఎప్పుడూ మరవకూడదు.

అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. నేలకు 40 మీటర్ల లోతున కేంద్రం ఉన్న ఒక చిన్న గుండ్రటి శరీరాన్ని, కింబర్‌లైట్ పైపు (వజ్రాలు దొరికే అగ్నిశిల గొట్టం) లాంటిదాన్ని ఊహించుకోండి. విమానం 80 మీటర్ల ఎత్తులో నేరుగా దాని మీదుగా పోతే దూరం 120 మీటర్లు. అప్పుడు 100 నానోటెస్లాల సిగ్నల్ వస్తోందనుకుందాం. ఇలాంటి శరీరం ప్రభావం దూరం ఘనానికి విలోమంగా పడిపోతుంది. 400 మీటర్ల సర్వేలో అది సరిగ్గా రెండు లైన్ల మధ్య పడినా దగ్గరి లైను 200 మీటర్ల పక్కన ఉంటుంది, అక్కడికి నికర దూరం సుమారు 233 మీటర్లు, సిగ్నల్ 14 నానోటెస్లాల దరిదాపు. బలహీనంగానైనా కనబడుతుంది. 1000 మీటర్ల సర్వేలో అయితే లైను 500 మీటర్ల అవతల, సిగ్నల్ 1.3 నానోటెస్లాలు. నిశ్శబ్దమైన రాతి మీదైతే పట్టుకోవచ్చేమో గానీ, చుట్టూ డైకులు, గ్రీన్‌స్టోన్ (పాత అగ్నిపర్వతపు రాళ్లు) ఉంటే అందులో కలిసిపోతుంది. అది ఉందని కూడా మీకు తెలియదు. దిశను బట్టి ఈ అంకెలు కాస్త మారతాయి, నిష్పత్తి మాత్రం ఇదే.

సూత్రప్రాయంగా చెప్పాలంటే లైన్ల మధ్య దూరం, సెన్సార్‌కూ రాతికీ మధ్య ఉన్న నిలువు దూరానికి రెండింతలు మించకూడదు. రీడ్ అనే ఆయన 1980లో లెక్కగట్టి చూపించిన విషయం ఇది, గ్రేడియంట్ (క్షేత్రం మారే రేటు) కొలిచేటప్పుడైతే ఇంకా దగ్గరగా ఉండాలి. దాని ప్రకారం 80 మీటర్ల ఎత్తున ఎగిరితే నేల మీది రాతికి 160 మీటర్లు కావాలి. అంత ఖర్చు పెద్ద ప్రాంతానికి ఎవరూ పెట్టలేరు కాబట్టి 400 కూడా రాజీయే. 400 మీటర్ల లైన్లు నేలకు సుమారు 120 మీటర్ల కింద నుంచి ఉన్నవాటిని మాత్రమే నిజాయితీగా చూపిస్తాయి. 1000 మీటర్ల లైన్లకైతే ఆ లోతు 420 మీటర్లకు పోతుంది. మీకు కావాల్సింది పైన ఉన్న రాళ్ల పటం కదా.

దూరాల లెక్క కూడా చెప్పేస్తాను, ప్రతిపాదనలు పోల్చుకోవడానికి పనికొస్తుంది. మీ ప్రాంతానికి 400 మీటర్లతో 250 లైన్లు, అంటే 25,000 లైన్ కిలోమీటర్లు. టై లైన్లు (ప్రధాన లైన్లను అడ్డంగా దాటుతూ, వాటిని సరిపోల్చడానికి ఎగిరేవి) 4 కిలోమీటర్లకు ఒకటి చొప్పున ఇంకో 2,500. 1000 మీటర్లతో అయితే అంతా కలిపి 11,000. 200 మీటర్లకు వెళితే 55,000. ఫిన్లాండ్ తన దేశం మొత్తాన్ని 200 మీటర్ల లైన్లతో, 30 నుంచి 40 మీటర్ల ఎత్తులో ఎగిరి పూర్తి చేసింది, 1972లో మొదలుపెడితే 2007 దాకా పట్టింది. కెనడా 1947 నుంచి అర మైలు దూరంతో, 1000 అడుగుల ఎత్తులో దేశంలో చాలా భాగం చేసింది. ఆ పాత పటాలతోనే బోలెడు పని జరిగింది, అందుకని దూరంగా ఎగిరితే ఏమీ రాదని నేను అనను. గీతలు, పెద్ద మడతలు, గ్రానైట్ల సరిహద్దులు వస్తాయి. మీ డబ్బు నిజంగా సరిపోకపోతే మాత్రం నా సలహా ప్రాంతాన్ని తగ్గించండి, దూరాన్ని పెంచకండి. సగం ప్రాంతం సరిగ్గా ఎగిరితే మిగతా సగం రెండేళ్ల తర్వాత కలుపుకోవచ్చు. పలచగా ఎగిరేసిన ప్రాంతాన్ని మళ్లీ ఎగరడానికి ఎవరూ డబ్బివ్వరు, "ఆల్రెడీ చేశాం కదా" అంటారు.

దిశ సంగతి. లైన్లు రాతి పొరల స్ట్రైక్‌కు (అవి నేల మీద సాగే దిశకు) అడ్డంగా ఉండాలని అందరికీ తెలుసు. డైకు లైన్లను ఏటవాలుగా, చిన్న కోణంలో దాటిందనుకోండి, గ్రిడ్డింగ్ సాఫ్ట్‌వేర్ ఒక లైను మీది శిఖరాన్ని పక్క లైను మీది శిఖరంతో కలపలేక, అఖండంగా ఉన్న డైకును పూసల దండలా చూపిస్తుంది. ఆ పూసలు నిజం కాదు, ఒక్కొక్క పూసను ఒక్కొక్క టార్గెట్‌గా అమ్మేవాళ్లు ఉంటారు జాగ్రత్త. మీ ప్రాంతం అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరగా ఉంటే ఇంకో చిక్కు ఉంది. అక్కడ క్షేత్రం దాదాపు సమతలంగా, ఉత్తరానికి చూస్తూ ఉంటుంది. ఉత్తర-దక్షిణంగా సాగిన పొడవాటి డైకు తన పొడవు వెంటే అయస్కాంతీకరణ చెందుతుంది, కాబట్టి రెండు కొనల దగ్గర తప్ప మధ్యలో పైకి ఏమీ కనబడదు. అదే డైకు తూర్పు-పడమరగా ఉంటే చక్కగా కనబడుతుంది, కాకపోతే తలకిందులుగా, రాయి మీద పల్లం, పక్కల్లో శిఖరాలు. అందుకే అలాంటి చోట స్ట్రైక్ ఎటున్నా ఉత్తర-దక్షిణ లైన్లే మేలని చాలామంది అంటారు. నేనూ అటే మొగ్గుతాను, స్ట్రైక్ పూర్తిగా ఉత్తర-దక్షిణంగా ఉంటే తప్ప.

ఎగిరేటప్పటి నాణ్యత గురించి కాంట్రాక్టర్ రిపోర్టులో ఏం చూడాలో చెబుతాను. విమానం స్వయంగా ఇనుము, కరెంటు తీగలు, ఇంజిన్లతో కూడిన పెద్ద అయస్కాంతం. అందుకే సెన్సార్‌ను తోక వెనక పొడవాటి కడ్డీ చివర పెడతారు, దాన్ని స్టింగర్ అంటారు. మిగిలిన ప్రభావాన్ని లెక్కగట్టి తీసేయడానికి పని మొదలయ్యే ముందు ఒక కాంపెన్సేషన్ ఫ్లైట్ చేస్తారు. రాళ్ల ప్రభావం బాగా తగ్గే ఎత్తుకు, 2-3 కిలోమీటర్ల పైకి వెళ్లి, నాలుగు దిశల్లోనూ ముక్కును పైకీ కిందకీ 5 డిగ్రీలు, రెక్కల్ని 10 డిగ్రీలు, తోకను అటూ ఇటూ 5 డిగ్రీలు ఊపుతారు. సరిదిద్దాక మిగిలే 12 తేడాల్ని కూడితే వచ్చేది ఫిగర్ ఆఫ్ మెరిట్. అది 1 నుంచి 2 నానోటెస్లాల లోపు ఉండాలి. విమానంలో ఏదైనా భాగం మార్చినా, సర్వీసింగ్ జరిగినా మళ్లీ చేయాలి. ఇది రిపోర్టులో ఒక్కసారే ఉండి, సర్వే చాలా వారాలు సాగిందంటే గట్టిగా అడగండి.

తర్వాత ల్యాగ్ టెస్ట్. రీడింగు తీసిన క్షణానికీ, జీపీఎస్ స్థానం నమోదైన క్షణానికీ మధ్య చిన్న ఆలస్యం ఉంటుంది. ఒక ఇనుప వంతెన మీదుగా రెండు దిశల్లో ఎగిరితే ఆ ఆలస్యం బయటపడుతుంది. 0.3 సెకను అంటే 21 మీటర్లు. పక్కపక్క లైన్లు ఎదురెదురు దిశల్లో ఎగురుతారు కాబట్టి సరిచేయకపోతే పక్క లైన్లు ఒకదానికొకటి 42 మీటర్లు జరిగినట్టు అవుతాయి, పటంలో సరిహద్దులన్నీ రంపపు పళ్లలా వస్తాయి. డెలివరీ అయిన గ్రిడ్‌ను పెద్దది చేసి చూస్తే ఇది కంటికే కనబడుతుంది, పరికరాలేవీ అక్కర్లేదు.

క్షేత్రం రోజంతా ఒకేలా ఉండదు. సూర్యుడి ప్రభావంతో అది పగటిపూట పదుల నానోటెస్లాలు మారుతుంది, అయస్కాంత తుఫాను వస్తే వందలు. అందుకే నేల మీద ఒక బేస్ స్టేషన్ మాగ్నెటోమీటర్ ఆగకుండా నడుస్తూ ఉండాలి, వాహనాలకు, కరెంటు లైన్లకు దూరంగా. అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర అయానోస్ఫియర్‌లో మధ్యాహ్నం పూట ఒక బలమైన విద్యుత్ ప్రవాహం ఉంటుంది, దానివల్ల ఆ రేఖకు ఇరువైపులా కొన్ని వందల కిలోమీటర్ల పట్టీలో పగటి మార్పు బాగా ఎక్కువ, చోటును బట్టి వేరుగా కూడా ఉంటుంది. ఒకే బేస్ స్టేషన్‌ను విమానాశ్రయంలో పెట్టి 200 కిలోమీటర్ల అవతల ఎగిరితే ఆ సవరణకు అర్థం లేదు. అలాంటి చోట పొద్దున్నే ఎగరడం, సర్వే ప్రాంతానికి దగ్గరలో ఇంకో స్టేషన్ పెట్టించడం రెండూ చేయించండి. కొండలు ఉన్నచోట విమానం నేల ఎత్తుపల్లాలను అనుసరించలేదు, ముందే కంప్యూటర్‌లో డ్రేప్ ఉపరితలం (నేల మీద పరిచిన వస్త్రంలా నునుపుగా సాగే ఎగిరే ఎత్తు) గీసుకుని దాని మీదే ఎగురుతారు. లైన్లూ టై లైన్లూ కలిసే చోట ఎత్తులు తేడాగా ఉంటే లెవెలింగ్ (లైన్ల మధ్య మిగిలిన తేడాలను సరిచేయడం) మొత్తం పాడవుతుంది. మీ దగ్గర నిటారు కొండలు ఎక్కువుంటే ఆ ముక్క వరకు హెలికాప్టర్.

విమానం ఎలాగూ ఎగురుతోంది కాబట్టి గామా స్పెక్ట్రోమీటర్ (నేల నుంచి వచ్చే సహజ రేడియోధార్మికతను కొలిచేది) కూడా పెట్టించండి. అదనపు ఖర్చు తక్కువ. అది చూసేది పై 30-40 సెంటీమీటర్లనే, పొటాషియం, యురేనియం, థోరియంలను. అయస్కాంతం లోపలికి చూస్తుంది, ఇది పైపై చూస్తుంది, రెండూ కలిపితే మట్టి ఏ రాయిదో, ఎక్కడి నుంచి కొట్టుకొచ్చిందో తెలుస్తుంది. వర్షాలు ఆగిన వెంటనే తడి నేల మీద మాత్రం ఎగరనివ్వకండి.

ప్రాసెసింగ్ గురించి ఎక్కువ చెప్పను, పద్ధతులు ఇప్పుడు స్థిరపడ్డాయి. భూమి ప్రధాన క్షేత్రాన్ని ఐజీఆర్ఎఫ్ అనే అంతర్జాతీయ నమూనాతో తీసేస్తారు, ఆ నమూనాను అయిదేళ్లకోసారి కొత్తగా ఇస్తారు. టై లైన్లతో లెవెలింగ్ చేస్తారు. గ్రిడ్ గడి సైజు లైన్ల మధ్య దూరంలో నాలుగో వంతో అయిదో వంతో పెడతారు. కాంట్రాక్టర్ 400 మీటర్ల డేటాకు 25 మీటర్ల గ్రిడ్ ఇచ్చి "హై రిజల్యూషన్" అంటే నవ్వి ఊరుకోండి. జాగ్రత్త పడాల్సింది మైక్రోలెవెలింగ్ దగ్గర. లైన్ల దిశలో మిగిలిన చారల్ని తీసేసే ఫిల్టర్ అది, పటం అందంగా తయారవుతుంది. లైన్లకు సమాంతరంగా ఉన్న నిజమైన డైకుల్నీ అది అదే చేత్తో తుడిచేస్తుంది. తీసేసిన భాగాన్ని విడిగా గ్రిడ్ చేసి ఇమ్మని అడగండి, అందులో భూవిజ్ఞానం కనబడితే వెనక్కి పంపండి.

అయస్కాంత అక్షాంశాన్ని బట్టి శిఖరాలు రాతి మీద కాకుండా పక్కకు జరిగి ఉంటాయి. వాటిని రాతి మీదికి తెచ్చేదే ధ్రువానికి మార్చే ఫిల్టర్, ఆర్‌టీపీ అంటారు. ఎక్కువ అక్షాంశాల్లో చక్కగా పనిచేస్తుంది. భూమధ్యరేఖ దగ్గర అది ఉత్తర-దక్షిణ దిశలోని ప్రతి చిన్న లోపాన్నీ పెంచి పటం నిండా చారలు గీస్తుంది. లైన్లు కూడా అదే దిశలో ఎగిరి ఉంటే లెవెలింగ్ లోపాలు వీటితో కలిసిపోతాయి, ఇందాక నేను చెప్పిన ఉత్తర-దక్షిణ లైన్లకు చెల్లించే మూల్యం ఇది. అక్కడ అనలిటిక్ సిగ్నల్‌ను (దిశ ప్రభావం తక్కువగా ఉండే ఇంకో రకం పటాన్ని) పక్కన పెట్టుకుని రెండూ పోల్చుతూ చదవాలి. టిల్ట్ డెరివేటివ్ చూసి అందరూ ముచ్చటపడతారు, బలమైనదాన్నీ బలహీనమైనదాన్నీ ఒకే స్థాయికి తెస్తుంది కాబట్టి. నాయిస్‌ను కూడా నిర్మాణం స్థాయికి తెస్తుందని మాత్రం మరిచిపోతారు.

ఇక చదవడం. నేనైతే ముందు మొత్తం క్షేత్రపు గ్రిడ్‌నూ, మొదటి నిలువు డెరివేటివ్‌నూ (ఎత్తుతో పాటు క్షేత్రం మారే రేటు) బూడిద రంగులో ముద్రించి, పారదర్శకపు కాగితం వేసి చేత్తో గీస్తాను. రంగుల కంటే ఆకృతి ముఖ్యం: ఎక్కడ గరుకు, ఎక్కడ నునుపు, ఎక్కడ చారలు, ఎక్కడ మచ్చలు. తర్వాత కాలక్రమం. వాయవ్యం-ఆగ్నేయంగా పోయే డైకుల గుంపు ఒకటి, తూర్పు-పడమర గుంపు ఇంకొకటి ఉన్నాయనుకోండి. మొదటి గుంపు ఒక గీత దగ్గర ఆగి, అవతల 2 కిలోమీటర్లు పక్కకు జరిగి మళ్లీ మొదలవుతోంది, రెండో గుంపు అదే గీతను నిక్షేపంగా దాటిపోతోంది. అంటే ఆ గీత ఒక ఫాల్ట్ (రాళ్లు పగిలి జరిగిన చోటు), అది మొదటి గుంపు తర్వాత, రెండో గుంపు ముందు కదిలింది. ఒక్క రాయి కూడా చూడకుండా మూడు సంఘటనల వరుస వచ్చేసింది, ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. చుట్టూ ప్రకాశవంతమైన ఉంగరం ఉండి మధ్యలో ఖాళీగా ఉంటే గ్రానైట్ చొచ్చుకొచ్చి పక్క రాళ్లను కాల్చిన ఆనవాలు కావచ్చు. చుట్టుపక్కల డైకులన్నీ శిఖరాలుగా ఉండి ఒకటి మాత్రం లోయగా కనబడితే, అది భూమి క్షేత్రం తిరగబడి ఉన్న కాలంలో చల్లబడి ఆ దిశను అలాగే దాచుకుని ఉండొచ్చు. అలాంటి అవశేష అయస్కాంతత్వం ఉన్నచోట వంపు, లోతు లెక్కలు తప్పు వస్తాయి, సాఫ్ట్‌వేర్ ఆ సంగతి చెప్పదు. 3డీ ఇన్వర్షన్ (సిగ్నల్ నుంచి వెనక్కి లెక్కగట్టి రాతి ఆకారాన్ని ఊహించడం) రంగు బొమ్మల్ని కూడా ఇదే కన్నుతో చూడండి. ఒకే సిగ్నల్‌ను ఇచ్చే రాతి శరీరాలు లెక్కలేనన్ని ఉంటాయి, సాఫ్ట్‌వేర్ వాటిలో ఒకదాన్ని ఎంచి చూపిస్తుంది.

రాయి చేతికి రానిదే కథ పూర్తి కాదనడానికి మెక్సికోలోని చిక్సులూబ్ ఉల్కా బిలం కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1978లో పెమెక్స్ చమురు సంస్థ కోసం మెక్సికో తీరంలో చేసిన విమాన అయస్కాంత సర్వేలో గ్లెన్ పెన్‌ఫీల్డ్‌కు సముద్రం అడుగున ఒక పెద్ద చాపం కనబడింది. పాత గురుత్వ పటంలో నేల మీద దాని మిగతా సగం కూడా ఉంది. ఆయనా, ఆంటోనియో కమార్గో కలిసి 1981లో ఉల్కాపాతపు బిలం కావచ్చని చెప్పారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అంతకుముందు ఎప్పుడో అక్కడ తవ్విన బోర్లలో వచ్చిన రాయిని అగ్నిపర్వతపు రాయి అనుకున్నారు. ఆ పాత నమూనాల్లో ఉల్కాపాతపు దెబ్బ ఆనవాళ్లున్న క్వార్ట్జ్ దొరికాక, 1991లో హిల్డెబ్రాండ్ బృందం వ్యాసం వచ్చాకే లోకం ఒప్పుకుంది. ఆకారాన్ని పట్టిచ్చింది అయస్కాంతం, అదేమిటో తేల్చింది గుప్పెడు రాళ్లు.

కాబట్టి మీ ఫీల్డ్ బడ్జెట్‌ను కొట్టేయనివ్వకండి, తీరు మార్చండి. మొత్తం ప్రాంతం నడవాల్సిన పని లేదు. మొదటి డ్రాఫ్ట్ పటం గీశాక, రెండు ఆకృతులు కలిసే సరిహద్దును వాగు దాటే చోట్లు, అర్థం కాని మచ్చలు, ఫాల్ట్ గీతలు ఎంచుకుని అక్కడికే వెళ్లండి. చేతిలో పట్టే ససెప్టిబిలిటీ మీటర్ (రాయి ఎంత తేలిగ్గా అయస్కాంతీకరణ చెందుతుందో కొలిచేది) తప్పనిసరి. ఒక ఔట్‌క్రాప్ (బయటపడిన రాయి) దగ్గర ఒక్క రీడింగు తీసి రాసుకోవడం దండగ, ఒకే బండలో విలువ పది రెట్లు మారుతుంది. సుత్తితో కొట్టి తాజా ముఖం మీద కనీసం పది తీసుకోండి, చదునైన చోట, ఎందుకంటే గరుకు ముఖం మీద విలువ తక్కువ వస్తుంది. రాయి పేరు పక్కనే ఆ అంకెలు రాసి ఉంటే, తిరిగొచ్చాక పటంలోని ప్రతి బూడిద ఛాయకూ అర్థం దొరుకుతుంది. పాత బోర్ల కోర్ (తవ్వి తీసిన రాతి కడ్డీలు) ఎక్కడైనా గోడౌన్‌లో పడి ఉంటే ముందు దానికి మీటర్ పెట్టండి, అడవిలోకి వెళ్లడం కంటే చవక. అవశేష అయస్కాంతత్వం ఉందని అనుమానం ఉన్న డైకుల నుంచి దిశ గుర్తు పెట్టిన నమూనాలు తీయండి.

కాంట్రాక్టులో గ్రిడ్లు, పటాలు మాత్రమే కాకుండా లైన్ డేటా మొత్తం మీకే చెందాలని రాయించండి: కాంపెన్సేషన్‌కు ముందూ తర్వాతా ఉన్న రీడింగులు, బేస్ స్టేషన్ రికార్డు, రాడార్ ఎత్తు, జీపీఎస్ ఎత్తు, ప్రతి దశలో చేసిన సవరణ విడివిడి కాలమ్‌లుగా. పదేళ్ల తర్వాత ఎవరైనా మెరుగైన పద్ధతితో మళ్లీ ప్రాసెస్ చేయాలంటే గ్రిడ్ ఎందుకూ పనికిరాదు. ఒక చోట ముడి డేటా కాంట్రాక్టర్ దగ్గరే ఉండిపోయి, అతను వ్యాపారం మూసేశాక ఆ సర్వే మొత్తం గోడ మీద పటంగా మిగిలిపోవడం నేను చూశాను.

డ్రోన్ల సంగతి. సెన్సార్‌ను డ్రోన్ మోటార్ల నుంచి తప్పించడానికి కింద కొన్ని మీటర్ల తాడుతో వేలాడదీస్తారు, గాలికి అది ఊగుతుంది. ఒక బ్యాటరీ నిమిషాల్లోనే అయిపోతుంది. 27,500 లైన్ కిలోమీటర్లకు ఇది జరిగే పని కాదు, పైగా రోడ్లు లేని అడవిలో ప్రతి కొన్ని కిలోమీటర్లకూ ఎగరేయడానికి, దించడానికి ఖాళీ చోటు వెతుక్కోవాలి. కానీ పెద్ద సర్వే అయ్యాక, మీరు ఎంచుకున్న అయిదారు చదరపు కిలోమీటర్ల ముక్కల్లో 25 లేదా 50 మీటర్ల లైన్లతో చెట్లకు కాస్త పైన ఎగరేయడానికి డ్రోనే సరైనది. ఆ పనికి ఇప్పుడే బడ్జెట్‌లో చిన్న మొత్తం విడిగా పెట్టించుకోండి, ఏ ముక్కలన్నది 400 మీటర్ల పటం చేతికొచ్చాక నిర్ణయించుకోవచ్చు.